మృగం అడిగిన ప్రశ్న

ఆషాఢంలో లాల్ దర్వాజ బోనాలు జరిగే ఆదివారం గౌలిపుర వీధుల్లో బండి కదలదు. ఆ రోజు మా మేడమీది గదిలో ఆరాధనకు వచ్చినవారు ఇరవైమంది కూడా లేరు. ప్రసంగం తొందరగానే ముగించాము. అందరూ మెట్లు దిగిపోయాక ఒక సహోదరి మాత్రం ఆగిపోయింది. చెంగులో చుట్టి తెచ్చిన ఫోను తీసి మా చేతిలో పెట్టింది.

"అయ్యగారూ, జర ఇది చూడుండ్రి. మా పిల్ల రాత్రి రెండు గంటలదాకా ఇదే సదువుతున్నది. నాకా సదువు రాదు. మా చిన్నోడు రెండు లైన్లు సదివి సిగ్గుపడి ఫోను పడేసిండు. అండ్ల ఏమున్నదో మీరే చెప్పాలె."

ఆ అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. సండేస్కూలులో కంఠత వాక్యాలకు ప్రతి ఏడూ బహుమతి తీసుకున్న పిల్ల. తండ్రి ఆటో నడుపుతాడు. తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు, నాయనమ్మ, ఐదుగురూ ఒకే గదిలో ఉంటారు.

ఫోను ఇంటికి తీసుకుపోయాము. నిజం చెప్పాలంటే, ఏమి సలహా ఇవ్వాలో చదవకముందే మా మనస్సులో సిద్ధంగా ఉంది. ఫోను తీసివేయండి, ప్రార్థనలో పెట్టండి, అంతే. అయితే మనిషి మాట వినకుండా తీర్పు తీర్చకూడదని పుల్పిటు మీద చెప్పే మేము కథను మాత్రం చదవకుండా ఎలా తీర్పు తీరుస్తాము? ఆ రాత్రి కూర్చుని ముప్పై ఎనిమిది భాగాలు చదివాము. మధ్యలో మా ఇల్లాలు లేచి, "ఇంత రాత్రివేళ ఫోనులో ఏమి చదువుతున్నారు?" అని అడిగితే జవాబు చెప్పడానికి కొంచెం ఇబ్బంది పడ్డాము.

కథ ఇదీ. ఒక తండ్రి అప్పు తీర్చలేకపోతాడు. అప్పిచ్చినవాడు నగరమంతా భయపడే ధనవంతుడు, ముఖం మీద పెద్ద కత్తిగాటు. డబ్బుకు బదులు కూతురిని ఎత్తుకుపోయి కొండమీది బంగళాలో పెట్టి తాళం వేస్తాడు. ఆ అమ్మాయి వద్దంటుంది, ఏడుస్తుంది, గోడ దూకబోయి పట్టుబడుతుంది. పది భాగాలు దాటేసరికి అతడు చిన్నతనంలో చాలా బాధలు పడ్డాడని తెలుస్తుంది. ఇంకొంత దూరం పోయాక ఆమెకు జ్వరం వస్తే రాత్రంతా మేలుకొని ఉంటాడు. అక్కడినుండి ఆమె వద్దన్న ప్రతిచోటా రచయిత పక్కనే ఇంకొక వాక్యం చేరుస్తాడు. నోరు కాదంటోంది గాని గుండె ఒప్పుకుంటోందని. రచన బాగులేదని చెప్పలేము. ప్రతి భాగమూ ఒక మూసిన తలుపు ముందు ఆగుతుంది. తలుపు వెనుక ఏముందో అని మేము కూడా తరువాతి భాగం నొక్కాము.

చదువుతున్నంతసేపూ ఈ కథ ఎక్కడో విన్నట్టే ఉంది. చిన్నప్పుడు ఇంగ్లీషు పాఠంలో వచ్చిన అందగత్తె, మృగం కథే వేషం మార్చుకుని వచ్చింది.

మా సంఘంలో ఇంగ్లీషు చెప్పే లెక్చరర్ సహోదరుడొకరు ఉన్నారు. ఆయనను అడిగితే, వీటిని డార్క్ రొమాన్స్ అంటారని చెప్పారు. సిండ్రెల్లా, నిద్రపోయే రాకుమారి, మృగం వంటి పాత కథలను తీసుకుని పెద్దల కోసం చీకటిగా తిరిగి రాస్తారట. ఎత్తుకుపోయినవాడే నాయకుడవుతాడు, భయమే ప్రేమగా మారుతుంది. ఇంగ్లీషులో వీటికి ఎంతోమంది పాఠకులున్నారు, వారిలో ఎక్కువమంది స్త్రీలే. తెలుగులో కూడా ఫోనులో రోజుకొక భాగంగా వస్తున్నాయి. పల్లెల్లో ఉన్న మా పాఠకులు ఇది పట్నపు గొడవ అనుకోవద్దు. ఫోను ఉన్న ప్రతి ఇంటికీ ఈ కథ వచ్చే దారి ఉంది.

పాత కథలు పాలవలె తెల్లగా ఉండేవనీ, ఈ కాలంవారు వాటిని పాడుచేశారనీ మేము అనుకున్నాము. ఆయన నవ్వి, అది తలకిందులన్నారు. నిద్రపోయే రాకుమారి కథకు పాత రూపాలలో ఒకటి 1634, 1636 మధ్య ఇటలీలో అచ్చయిన జాంబట్టిస్టా బాజిలే కథల సంపుటిలో ఉంది. అందులో రాజు ముద్దుతో ఆగడు. ఆ అమ్మాయి మెలకువ లేకుండానే కవలలను కంటుంది. 1697లో ఫ్రాన్సులో షార్ల్ పెరో ఆ భాగం తీసివేసి రాశాడు. 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరుల చేతికి వచ్చేసరికి ఒక్క ముద్దు మిగిలింది. పిల్లలకు మనం చెప్పేది ఆ కడిగిన కథనే. కాబట్టి చీకటి కొత్తగా వచ్చి చేరిందనడానికి లేదు.

మాకు ఎక్కువగా పట్టుకున్నది మృగం కథ గురించి ఆయన చెప్పినది. ఆ కథను మొదట 1740లో విల్నెవ్ అనే ఫ్రెంచి రచయిత్రి చాలా పొడుగ్గా రాసింది. 1756లో బోమాం అనే ఇంకొక రచయిత్రి, ఆడపిల్లలకు పాఠాలు చెప్పే టీచరు, దానిని కుదించి తన విద్యార్థినుల వయస్సువారి కోసం రాసింది. ముక్కూముఖం తెలియనివానికి కూతురిని కట్టబెట్టే కాలంలో, పెళ్ళంటే భయపడే పిల్లలకు ధైర్యం చెప్పే కథ ఇది అని కొందరు పండితులు అంటారట. మన ఊళ్ళలో ఇది అర్థం కాని విషయమేమీ కాదు.

బోమాం రాసిన కథలో మృగం రోజూ రాత్రి భోజనాల వేళకు వస్తుంది. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడుగుతుంది. ఆ అమ్మాయి చేసుకోనంటుంది. మృగం నిట్టూర్చి గదిలోనుండి వెళ్ళిపోతుంది. మరునాడు రాత్రి మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. కోట దానిది, బలం దానిది, కోరలు దానివి. అయినా ఆమె కాదంటే వెళ్ళిపోతుంది. తండ్రిని చూడాలని ఆమె బెంగపెట్టుకుంటే, ఆమె తిరిగి రాకపోతే తనకు చావే అని తెలిసీ పంపిస్తుంది. ఆమె మనస్సు మారేది అటువంటి మృగం కోసం.

మేము చదివిన ముప్పై ఎనిమిది భాగాలలో ఆ ప్రశ్న ఎక్కడుందా అని వెనక్కు తిప్పి చూశాము. కోట ఉంది, తాళం ఉంది, తండ్రి అప్పు ఉంది, జ్వరం ఉంది. ప్రశ్న లేదు.

మరునాడు సాయంకాలం వారి ఇంటికి వెళ్ళాము. ఫోను తిరిగి ఇచ్చేసరికి అమ్మాయి ముఖం తెల్లబోయింది. అందరూ వింటుండగా ఆ కథ విప్పితే సిగ్గుతో చచ్చిపోతుందని మాకు తెలుసు. అందుకని మంచం మీద కూర్చున్న నాయనమ్మను పలకరించి, చిన్నప్పుడు మీ ఊళ్ళో ఏ కథలు చెప్పేవారని అడిగాము. ఆమెది నల్గొండ వైపు పల్లె. ఎనభై దగ్గర పడ్డాయి. యేసు ప్రభువును నమ్మింది యాభయ్యో ఏట. అంతకుముందు విన్న కథలు ఎక్కడికి పోతాయి?

"బాలనాగమ్మ కథ రాత్రంత చెప్తుండిరి అయ్యగారూ, తెల్లారేదాక ఏడుస్తుంటిమి" అంది.

బాలనాగమ్మ కథ తెలియని పెద్దవాళ్ళు మన పల్లెల్లో అరుదు. బుర్రకథగా, నాటకంగా ఊరూరా తిరిగింది. 1942లో జెమిని వారు కాంచనమాలతో సినిమాగా తీశారు. 1959లో అంజలీదేవి, ఎన్.టి. రామారావులతో మళ్ళీ వచ్చింది. భర్త కార్యవర్ధిరాజు ఇంట లేని వేళ మాంత్రికుడు జంగమ వేషంలో భిక్షకు వచ్చి, బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్ళపూడి గట్టుకు లాక్కుపోతాడు. వెదకవచ్చిన భర్తను రాయిగా చేస్తాడు. ఊయలలోని పసివాడు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై, పూలమ్మే తంబళ్ళ పెద్ది మనుమడినని చెప్పుకుని ఆ కోటలో ప్రవేశించి, తల్లిని విడిపిస్తాడు. ఆ మాంత్రికుని కొన్నిచోట్ల మాయల ఫకీరు అంటారు, సినిమాలలో మాయల మరాఠీ అన్నారు. ఎవరి నోట వచ్చినా దుర్మార్గుడు పరాయివాడే కావాలి కాబోలు. పొరుగున ముస్లిం కుటుంబాలు, రెండు గల్లీల అవతల మరాఠీ మాట్లాడే ఇళ్ళు ఉన్న ఈ పాతబస్తీలో మేము మాంత్రికుడు అనే అంటాము.

నాయనమ్మ కథ చెబుతుంటే అమ్మాయి బియ్యం ఏరుతున్నట్టు నటిస్తూ వింటోంది.

"పెండ్లి చేసుకో అని వాడు దినాం ఒర్రుతుండె. ఆమె ఏమన్నది? నోము పట్టిన, అయ్యేదాక నన్ను ముట్టొద్దు అన్నది. గట్లనే ఏండ్లకు ఏండ్లు జరిపింది. ఆఖరికి వాని పానం యాడున్నదో వాని నోటితోనే చెప్పించింది. ఏడు సముద్రాల అవతల చిలుకల దాసిండట."

అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది. "నానమ్మా, గన్ని ఏండ్లు ఒక్క ఇంట్లనే ఉన్నరు గదా. ఆమెకు వాని మీద ప్రేమ రాలేదా?"

ముసలమ్మ మనుమరాలి వైపు చూసిన చూపు మాకు ఇప్పటికీ గుర్తుంది. "ప్రేమనా? వాడు ఆమెను కుక్కను చేసి గుంజుకపోయిండు బిడ్డా!"

తల్లి ఫక్కున నవ్వింది. అమ్మాయి కూడా నవ్వింది. అప్పుడు మాట్లాడడం కొంచెం తేలికయింది.

బడులకు పోని మన అవ్వలకు ఆ లెక్క ఎంత స్పష్టంగా తెలుసో చూడండి. ఆ కథ ఏళ్ళ తరబడి సాగుతుంది, మాంత్రికుడు అదే ఇంట్లో ఉంటాడు, ఆమెకు వేరే దిక్కు లేదు. అయినా ఆమె కాదన్న మాటను ఏ కథకుడూ అవునుగా మార్చలేదు. మార్చివుంటే తెల్లవారేదాకా కూర్చున్న ఆడవాళ్ళు లేచిపోయేవారు.

పరిశుద్ధ గ్రంథంలోనూ చీకటి కథలున్నాయి. సండేస్కూలులో వాటిని దాటవేస్తాము గాని దేవుని ఆత్మ దాటవేయలేదు. 2 సమూయేలు 13వ అధ్యాయంలో అమ్నోను ప్రేమతో చిక్కిపోయాడని అందరూ నమ్మారు. తామారు వద్దన్నది, ఎందుకు వద్దో కారణాలు కూడా చెప్పింది. ఆ మాటలన్నీ అక్కడ రాసి ఉన్నాయి. అతడు వినలేదని కూడా రాసి ఉంది. ఆ వెంటనే ఆ ప్రేమంతా ద్వేషమైపోయింది. సంగతి తెలిసి తండ్రి దావీదుకు కోపం వచ్చింది. కోపం వచ్చిందనే ఉంది గాని కుమార్తె కోసం ఏమైనా చేశాడని లేదు.

కాసేపటికి తల్లి టీ పెట్టడానికి లేచింది. అమ్మాయి గుమ్మం దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "కథ అని నాకు తెల్సు అయ్యగారూ. నేనేం చిన్నపిల్లనా?"

తెలుసని మేము కూడా ఒప్పుకున్నాము. మరి ఎందుకంత ఇష్టమని అడిగాము.

"అండ్ల వాడు ఆమెనొక్కదాన్నే చూస్తడు. మా ఇంట్ల నన్ను ఎవరు చూస్తరు? చాయ్ పెట్టాలంటే చూస్తరు."

దీనికి మా దగ్గర ప్రసంగం లేదు. చీకటి మనిషి మీద మోజు ఈ పిల్లతో పుట్టిందా? 1951లో పాతాళభైరవి చూసిన మన తాతలు ఇంటికి వచ్చి ఎవరిని అనుకరించారు? నేపాళ మాంత్రికునిగా వేసిన ఎస్.వి. రంగారావునే గదా. తెరమీద ఆయన కన్నెర్రజేస్తే హాలంతా ఆనందించింది. ఆ సినిమా చూసి ఎవరూ రాకుమార్తెలను ఎత్తుకుపోలేదు. ఒక కథ చదివినంత మాత్రాన మనిషి చెడిపోతాడని మేము అనము. అయితే ఆ సినిమా చివరివరకూ మాంత్రికుని మాంత్రికుడుగానే ఉంచింది. రాకుమార్తెను అతని చేతిలో పెట్టి శుభం కార్డు వేయలేదు.

వెళ్ళబోతుంటే అమ్మాయి ఇంకొక మాట చెప్పింది. బస్టాపు నుండి వారి గల్లీ దాకా మూడు నెలల నుండి ఒక అబ్బాయి బండిమీద వెంటపడుతున్నాడట. రెండుసార్లు దారికి అడ్డం నిలబడ్డాడు. వద్దని చెప్పింది. నవ్వాడట. "ఇంట్ల చెప్తే కాలేజ్ బంద్ చేస్తరు" అంది. కొంచెం ఆగి, "గంత తిరుగుతుండు గదా, మంచిగనే చూసుకుంటడేమో అని ఒక్కోసారి అనిపిస్తది" అంది.

ఆ మాట ముప్పై ఎనిమిది భాగాల నుండి వచ్చిందో, సినిమాల నుండి వచ్చిందో, ఊళ్ళో పెద్దల నుండి వచ్చిందో మేము చెప్పలేము. పెద్దల నుండి అని ఎందుకన్నామంటే, మేము కూడా ఆ పెద్దలలో ఒకరిగా ఉన్నాము గనుక.

పదిహేనేళ్ళ క్రితం మేము ఒక పల్లె సంఘంలో కొత్త కాపరిగా ఉన్నాము. అక్కడ పంతొమ్మిదేళ్ళ అమ్మాయి వెంట ఒకడు ఏడాదిపాటు తిరిగాడు. ఒకరోజు బలవంతంగా మోటారుసైకిలు ఎక్కించుకుపోయి రెండు రాత్రులు బంధువుల ఇంట్లో ఉంచాడు. పిల్ల తిరిగి వచ్చాక పెద్దలు కూర్చున్నారు. ఇక ఈమెను ఎవరు చేసుకుంటారు, వాడికే ఇచ్చి చేద్దాము, వాడికి ఇష్టం ఉండబట్టే గదా ఇంత చేశాడు అన్నారు. ఒక పెద్దాయన ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం తీసి చూపించాడు. నిర్గమకాండము 22లో తండ్రి ఇవ్వను అనడానికి చోటుందని మాకు గుర్తు రాలేదు, గుర్తు వచ్చినా ఆ రోజు చెప్పే ధైర్యం ఉండేది కాదేమో. ఆ పెళ్ళికి ప్రార్థన చేసింది మేమే. పెళ్ళికూతురు తల వంచుకునే ఉంది. సిగ్గు అనుకున్నాము. ఆ అమ్మాయిని పక్కకు పిలిచి నీకు ఇష్టమేనా అని ఒక్కరమూ అడగలేదు. పెళ్ళి ప్రమాణంలో అడిగే ప్రశ్నను లెక్కలోకి తీసుకోకండి. వందమంది ముందు ఏమని జవాబు చెబుతుంది? మూడేళ్ళ తరువాత మణికట్టు విరిగి పుట్టింటికి వచ్చేసింది.

ఆ సీరియలు రచయిత కల్పించిన ముగింపును మేము నిజంగానే జరిపించాము. ఆయన మీద కోపపడే అర్హత మాకు ఎంత ఉందో మీరే చెప్పండి.

2015లో మధ్యప్రదేశ్ నుండి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, అత్యాచారం జరిగినచోట పెళ్ళితో రాజీ అన్న ఆలోచనకే తావు లేదని తీర్పు చెప్పింది. వెంటపడడం కూడా నేరమే. 2013లో భారత శిక్షాస్మృతిలో దానికి ప్రత్యేకంగా 354డి సెక్షను చేర్చారు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. స్త్రీ తనకు ఇష్టం లేదని స్పష్టంగా తెలిపిన తరువాత కూడా పదేపదే వెంటపడితే మొదటిసారి మూడేళ్ళ వరకు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ వరకు జైలు. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే వారికి 2008 డిసెంబరు గుర్తు చేయండి. ఆ నెల వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వారిలో ఒకరు కాదన్నదే కారణం. ఆ అమ్మాయి నెలాఖరులోనే చనిపోయింది.

ఆ సాయంకాలం మేము తల్లిని లోపలినుండి పిలిచాము. కాలేజీ మాన్పించము అని తల్లి మాట ఇచ్చేదాకా అమ్మాయి నోరు విప్పలేదు. తండ్రి ఆటో దిగి వచ్చి విషయం విని, వాడి కాళ్ళు విరగగొడతానని లేచాడు. ఆయనను కూర్చోబెట్టడానికి గంట పట్టింది. మరునాడు తల్లి, కూతురు, మా ఇల్లాలు కలిసి షీ టీమ్ వారి దగ్గరికి వెళ్ళారు. హైదరాబాదులో 2014 అక్టోబరులో మొదలైన ఈ బృందాలు మఫ్టీలో బస్టాపుల దగ్గర ఉంటాయి. 100కు ఫోను చేసినా చాలు. నాలుగో రోజున ఆ అబ్బాయిని, అతని తల్లిదండ్రులను పిలిపించి కూర్చోబెట్టారు. ఆ తల్లి ఏడ్చిందట. తన కొడుకు ఇలా చేస్తున్నాడని ఆమెకూ తెలియదు. అతడికి పంతొమ్మిదేళ్ళు. అతడు ఏ కథలు చూసి పెరిగాడో ఎవరైనా కనుక్కున్నారో లేదో.

లెక్చరర్ సహోదరునికి ఈ సంగతి చెప్పినప్పుడు, ఇంగ్లండు రచయిత్రి ఏంజెలా కార్టర్ 1979లో రాసిన ఒక కథ గురించి చెప్పారు. పెరో రాసిన నీలిగడ్డం అనే పాత కథలో, భార్యలను ఒకరి తరువాత ఒకరిని చంపే భర్త చేతినుండి కొత్త భార్యను ఆమె అన్నదమ్ములు వచ్చి కాపాడతారు. కార్టర్ ఆ కథను ఇంకా చీకటిగా, పెద్దల కోసమే రాసింది. పిల్లల చేతికి ఇచ్చేది కాదు. అయితే చివరికి గుర్రం మీద తుపాకి పట్టుకుని వచ్చి కూతురిని కాపాడేది తల్లి. చెంగులో ఫోను చుట్టుకుని మెట్లమీద ఆగిన తల్లి మాకు గుర్తుకు వచ్చింది.

ఫోను తీసివేయాలా అని ఆమె మమ్మల్ని మళ్ళీ అడిగింది. రాత్రి పదింటికి నాయనమ్మ దిండుకింద పెట్టండి, పగలు ఉండనివ్వండి అన్నాము. అమ్మాయికి మాత్రం ఒక పని అప్పగించాము. ఆ సీరియలు చదవాలని ఉంటే చదువు, అతడు ఆ అమ్మాయిని నీకు ఇష్టమా అని ఎన్నిసార్లు అడిగాడో, ఆమె కాదంటే ఎన్నిసార్లు వెళ్ళిపోయాడో లెక్కపెట్టి మాకు చెప్పు అన్నాము. మేము ఆపేసిన ముప్పై ఎనిమిదో భాగం తరువాత ఏమి జరిగిందో తెలుసుకోవాలని మాకూ కొంచెం ఉంది, దాచడమెందుకు?

సంఘంలో కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు. అటువంటివి చదవమని కాపరే చెప్పవచ్చునా అన్నారు. వారితో ఇంకా మాట్లాడుతున్నాము.

పోయిన ఆదివారం ఆరాధన తరువాత ఆ అమ్మాయి చాపలు మడతపెడుతూ మా దగ్గరికి వచ్చింది. కాలేజీకి వెళ్తోంది. ఇప్పుడు బస్టాపు దాకా తండ్రి ఆటోలో దింపుతున్నాడట. కథ ఎంతవరకు వచ్చిందని అడిగాము.

"యాభై రెండో భాగం అయ్యగారూ. పెండ్లి కూడా అయిపోయింది" అంది. "ఇంకా అడగలే."